పెద్దమ్మ చూశాకే ధర

నా జీవితంలో నేను మొదటిసారి ఒక ధర చెప్పింది వికారాబాద్‌లో, ఒక కిరాయి ఇంటి గుమ్మం ముందు నిలబడి. అప్పటికి నాకు నలభై దాటాయి. అంతకుముందు "నువ్వు ఎంత తీసుకుంటావు" అని నన్ను ఎవరూ అడిగిన పాపాన పోలేదు. పొలం పనికి పోతే ఊరంతటికీ ఒకటే రేటు. వికారాబాద్‌లో ఇళ్లల్లో అంట్లు తోమితే, నెలకు ఇంత అని ఇంటామే చెప్పేది, నేను తల ఊపేదాన్ని. అలాంటిది ఆ ఇంటి ఓనరు, "కిరాయోళ్లు ఖాళీ జేసి పోయిండ్రమ్మా. ఇల్లంత కడగాలె. ఎంత దీస్కుంటరు?" అనేసరికి, నన్నేనా అడిగేది అని వెనక్కి తిరిగి చూశాను. పక్కనుంచి మా యారాలు, అంటే మా బావగారి భార్య, మోచేత్తో పొడుస్తోంది.

"మనిషికి ఆరు నూర్లు సార్," అనేశాను.

ఆయన మా ముగ్గురినీ వరసగా చూశాడు. నన్ను చూశాడు, మా యారాలిని చూశాడు, మా వెనక గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కుతున్న పెద్దమ్మను చూశాడు.

"ఇద్దరొస్తె సాలు," అన్నాడు. "గామెకెందుకు ఆరు నూర్లు?"

నేను నోరు మూసుకున్నాను. ఊళ్లో నా నోటికి అందరూ భయపడతారు. కుళాయి దగ్గర నాతో ఎవరూ పెట్టుకోరు. ఆ రోజు ఆ నోరు ఎక్కడికి పోయిందో నాకిప్పటికీ తెలియదు. పెద్దమ్మ మాత్రం, "మీరు గానియ్యుండ్రి, నేను ఈడ కూసుంట," అని వరండాలో ఒక మూల కూర్చుంది. సాయంత్రం దాకా అక్కడే ఉంది.

పెద్దమ్మ నాకు సొంత పెద్దమ్మ కాదు. మాది మోమిన్‌పేట్ దిక్కున ఒక ఊరు. ఊళ్లో కలుపు తీసే ఆడవాళ్ల గుంపుకు ఆమె పెద్ద. పదిమందిమి ఆమె వెనక నడిచేవాళ్లం. మా దగ్గర పని రెండు రకాలు. కైకిలి అంటే రోజు కూలి, తలకు ఇంత. గుత్త అంటే చెలక మొత్తానికి, అంటే చేనంతటికీ, ఒకటే ధర, ఒక రోజులో చేసినా మూడు రోజులు చేసినా అదే. ఆ గుత్త ధర చెప్పేది పెద్దమ్మ. రైతు గట్టు మీద నిలబడి, "ఏమున్నదమ్మా, గడ్డి పల్సగనే ఉన్నది," అంటుంటే ఆమె వినిపించుకోకుండా పత్తిలోకి దిగి నడిమధ్యకు పోయేది. అక్కడ వంగి ఒక గడ్డి దుబ్బు పీకి, వేళ్లకు మట్టి ఎంత పట్టిందో చూసి, చేతులు దులుపుకుని వచ్చి ఒక్క మాట చెప్పేది. రైతులు గొణిగేవాళ్లు, చివరికి ఒప్పుకునేవాళ్లు.

గుత్త పైసలు అందరికీ సమానం. బాలింత వచ్చినా సమానమే, జ్వరం మనిషి వచ్చినా సమానమే. సాలు, అంటే తన వంతు మొక్కల వరస, తొందరగా ముగించినవాళ్లు ఊరికే కూర్చోరు. వెనకబడినదాని సాలుకు అవతలి కొసనుంచి ఎదురు వస్తారు. ఇద్దరూ మధ్యలో కలుసుకుంటే ఆ సాలు అయిపోయినట్టు. నేను పెళ్లయి వచ్చిన కొత్తలో కలుపు తీయడం చేతకాక రోజూ వెనకే ఉండేదాన్ని. నాకు రోజూ ఎదురు వచ్చింది పెద్దమ్మే. ఈ సంగతి ముందే చెప్పి ఉంచుతున్నాను, తర్వాత నేను చేసిన పనికి మీరు నన్ను తిట్టుకోవడానికి వీలుగా ఉంటుంది.

గడ్డి మందులు వచ్చాక కలుపు పని పోయింది. ఒక్క మనిషి వీపుకు డబ్బా తగిలించుకుని పదిమంది పనిని ఒక పూటలో కొట్టేస్తాడు. గుంపు చెదిరిపోయింది. నేను బస్సెక్కి వికారాబాద్ ఇళ్లల్లో పనికి కుదిరాను. ఒకసారి మా మేడమ్ చుట్టాల కొత్తింటికి గృహప్రవేశం ముందు కడగడానికి మనుషులు కావాలంటే, మా యారాలిని వెంటేసుకుని పోయాను. రంగు చుక్కలు, సిమెంటు, కిటికీల్లో రంపపు పొట్టు, అన్నీ రెండు రోజుల్లో వదిలించి, వాళ్లిచ్చింది తీసుకున్నాం. వాళ్లకు నచ్చి ఇంకో ఇద్దరికి చెప్పారు. అప్పుడు నాకు పురుగు కుట్టింది. నెల పనులు మానేసి, ఇళ్లు కడిగే పనే పెట్టుకుందామనుకున్నాను. బ్రష్షులు, వైపర్లు, రెండు పెద్ద బకెట్లు, గీకే బ్లేడ్లు కొన్నాం.

ఆ మాట తెలిసి పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. ఆమెకు తిండికి కొదవ లేదు. పింఛను వస్తుంది, బషీరాబాద్‌లో ఇచ్చిన బిడ్డ నెలకోసారి వచ్చి చూసిపోతుంది. ఆమె బాధ అది కాదు.

"నన్ను పనికి ఎవ్వలు పిలుస్తలేరే," అంది అరుగు మీద కూర్చుంటూ. "మోకాళ్లు బోయినయని అందరికి ఎర్కయ్యింది. పొద్దున లేస్తె యాడికి బోవాల్నో తెలుస్తలేదు. నన్ను గూడ తీస్కపో బిడ్డా."

"పిలువకుంట ఎట్లుంటం పెద్దమ్మా? గుంపంటె గుంపే. నీ పాలు నీకే," అన్నాను. ఎంత గొప్పగా అన్నానో! మొదటి గుమ్మం దగ్గరే ఆ మాట గంగలో కలిసింది.

ఆ తర్వాత వచ్చిన పనుల్లోనూ అదే జరిగింది. మనిషికి ఇంత అనగానే వాళ్లు మనుషులను ఏరుకోవడం మొదలుపెట్టేవాళ్లు. ఇద్దరు చాలంటారు, చిన్నామె చాలంటారు. ముసలామెను తెచ్చి మూడో కూలి గుంజుదామని చూస్తున్నారా అని ఒకామె మొహం మీదే అనేసింది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు వాళ్ల మీద కోపంగా మారాల్సింది పోయి పెద్దమ్మ మీద విసుగుగా మారింది. ఒకరోజు పొద్దున బస్సు కోసం నిలబడ్డ ఆమెతో, "ఇయ్యాల ఇద్దరికే పని పెద్దమ్మా," అన్నాను. చేతిలో సద్ది డబ్బా ఉంది. "మంచిది, పైలంగ పోయి రాండ్రి," అంది. మర్నాడూ వచ్చింది, మర్నాడూ అదే చెప్పాను. మూడో రోజు రాలేదు.

ఆ రోజు బస్సు దిగగానే మా యారాలు నన్ను దులిపేసింది. "సిగ్గు లేదా చెల్లె నీకు? ఆమె లేకపోతె నీకు కొడవలి పట్టుడు వస్తుండెనా?" నేను ఊరుకుంటానా? "అయితె నీ పాలు ఇయ్యి ఆమెకు!" అన్నాను. ఆ రోజంతా ఇద్దరం ఎడమొహం పెడమొహంగా కిటికీలు తుడిచాం.

అప్పుడు తాండూరు పని వచ్చింది. ఫోన్లో బేరం. కొత్తగా కట్టిన ఇల్లు, ఫొటోలు పంపారు. తలకు ఇంత అని చెప్పి చెప్పి విసిగిపోయి, ఈసారి తెలివిగా గుత్త చెబుదామనుకున్నాను. ఫొటోల్లో రూములు లెక్కపెట్టాను. ఐదు. రూముకు వెయ్యి అన్నాను. ఇంటాయన గబుక్కున ఒప్పుకున్నాడు. ఆ సంతోషంలో, "మెట్లు కొసరు సార్, ఊకెనే కడుగుతం," అని కూడా అన్నాను. నా మొహం!

పొద్దున రైలెక్కి పోయి చూద్దుము కదా, ఇల్లంతా తాండూరు బండలే. ఇంటాయనకు బండల పాలిషింగ్ యూనిట్ ఉందట. ఊరందరికీ అమ్మే బండల్లో మంచివన్నీ ఏరి ఏరి తన ఇంటికి పరిపించుకున్నాడు. నీలం రంగు మీద అద్దంలా మెరుగు. ఆ మెరుగు మీద రంగులవాళ్లు, గ్రిల్లులవాళ్లు నడిచి చేసిన నాశనం అంతా ఇంతా కాదు. అడుగడుగునా సిమెంటు, పుట్టీ, సున్నం చుక్కలు. కొసరుగా ఇచ్చిన మెట్లు ఇరవై రెండు ఉన్నాయి.

"ఏం ఫికర్ లేదు, ఆసిడ్ ఉన్నది గద," అంది మా యారాలు. అప్పటిదాకా మేం కడిగినవన్నీ టైల్స్ ఇళ్లు. మా ఇంటి ముందర పరిచింది కూడా ఈ రాయే, కానీ దాన్ని చీపురుతో ఊడ్చి నీళ్లు చల్లడమే తప్ప ఆసిడ్ పోసే భోగం మాకెక్కడిది? మెట్ల కింద మూలన కాస్త పోసింది. బుస్సుమని నురగ వచ్చింది. కడిగి చూస్తే పళ్లెమంత మేర మెరుగు చచ్చిపోయి తెల్లగా తేలింది. మా ఇద్దరి ప్రాణాలూ పైకి పోయాయి.

తుడిచేసి ఊరుకుందామా అని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధం ఎందుకు? కానీ బండలతోనే బతికే మనిషికి అది కనబడకుండా ఉంటుందా! పోయి చెప్పేశాను. ఆయన వచ్చి వంగి, వేలితో రాసి చూశాడు.

"ఇది సున్నపు రాయి తల్లీ. ఆసిడ్ తగిల్తె అంతే. బ్లేడు, నీళ్లు, గంతే దీనికి మందు," అన్నాడు. తిట్టలేదు. "గీ మచ్చ నేను మళ్ల పాలిష్ వట్టిపిస్త. గుత్తకు ఒప్పుకున్నరు గద, పని మంచిగ జేసి పోండ్రి."

ఆయన మంచితనానికి దండం పెట్టాను గానీ, సాయంత్రానికి ఒక రూము సగం కూడా కాలేదు. చుక్క చుక్కా చేత్తో గీకాలి. రెండు రోజులనుకున్న పని వారం తినేలా ఉంది. తిరుగు రైల్లో మా యారాలు నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నేను మాత్రం వికారాబాద్ దాకా ఒకటే ఆలోచించాను. ఊరు చేరగానే, ఇంటికి కూడా పోకుండా పెద్దమ్మ వాకిట్లో నిలబడ్డాను.

ఆమె నన్ను చూసి, "ఏందే మొహం గట్లున్నది?" అంది. ముందు నుంచీ జరిగినదంతా చెప్పాను. ఎందుకు తీసుకుపోవడం మానేశానో కూడా చెప్పాను. చెప్తుంటే ఏడుపొచ్చింది. ఆమె నా ఏడుపు పట్టించుకోలేదు. ఆమెను గుచ్చింది వేరే.

"ఇల్లు జూడకనే ధర జెప్పినవా?"

"ఫొటోలు జూసిన పెద్దమ్మా."

"ఫొటోలు! గట్టు మీంచి జూస్తె యే చెలకైన సాఫ్‌గనే కనబడ్తది. నడిమిట్లకు పోవాల్నని ఎన్నిసార్లు జెప్పిన నీకు? మెట్లు గూడ కొసరిచ్చినవంట, తూ!"

ఆ తిట్లు వింటుంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. పొద్దున మొదటి బస్సుకు ముగ్గురం బయలుదేరాం.

తాండూరు ఇంట్లో ఆమె నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. బండ మీద నీళ్లు చల్లి, అవి నానేదాకా ఆగి, అప్పుడు బ్లేడు పట్టింది. ఒక వరస బండలను ఒక సాలు లెక్కన తీసుకుని, కూర్చున్నచోటు నుంచి జరుగుతూ పోయింది. మాకంటే వేగంగా చేసిందని చెబితే అబద్ధం అవుతుంది. మేం రెండు సాళ్లు తీసేసరికి ఆమెది ఒకటయ్యేది. మేం అవతలి గోడ దాకా పోయి, తిరిగి ఆమెకు ఎదురు వచ్చేవాళ్లం. అలా మధ్యలో కలుసుకున్న మొదటిసారి ముగ్గురం పకపకా నవ్వాం. ఏమైందోనని ఇంటాయన వచ్చి చూసిపోయాడు. ఐదు రోజులు పట్టింది. రైలు చార్జీలు పోగా మిగిలింది చెప్పుకునేంత కాదు, కానీ ఇల్లు మాత్రం మొహం చూసుకునేలా వచ్చింది.

ఆ వెంటనే ఒక పద్ధతి పెట్టుకున్నాం. పెద్దమ్మ చూశాకే ధర. ఫోన్లో ఎవరు అడిగినా, "వచ్చి జూసి జెప్తం సార్," అనడమే. కొందరు విసుక్కుని ఫోన్ పెట్టేశారు. పెట్టేస్తే పెట్టేశారు.

ఆ పద్ధతిలో మొదటి పని వికారాబాద్‌లోనే పడింది. పెద్ద డాబా, ఇద్దరూ ఉద్యోగస్తులు, బిడ్డ పెళ్లి ముందు ఇల్లంతా కడిగించాలనుకున్నారు. ఇంటామె ముందు గదిలో సోఫాలు చూపిస్తూ, "పెద్దగ పనేం లేదమ్మా, మేమే రోజూ తుడుస్తం," అంటోంది. పెద్దమ్మ ఆ గదిలో ఆగనే లేదు. గోడ పట్టుకుని నేరుగా వంటింటి వెనక్కి పోయింది. పొయ్యి వెనక గోడను వేలితో గీకి, జిడ్డు ఎంత మందాన ఉందో చూసింది. బాత్రూం కుళాయి తిప్పి, ధార సన్నగా ఉందని నాకు కళ్లతో చెప్పింది. నన్ను స్టూలెక్కించి బీరువా పైన చెయ్యి పెట్టించింది. మెట్లు తను ఎక్కలేదు, కింద నిలబడి, "పైన కిటికీలెన్ని? జాలీలు ఉన్నయా?" అని మమ్మల్ని అడిగింది. మెట్లు మాత్రం తనే వేలు పెట్టి లెక్కపెట్టుకుంది.

వచ్చి సోఫా అంచున కూర్చుని, "తొమ్మిది వేలు," అంది.

నేనైతే ఆరు చెప్పేదాన్ని. ఇంటామె కూడా ఉలిక్కిపడింది. "తొమ్మిదా? ఎంతమంది వస్తరు?"

"ముగ్గురం," అన్నాను.

"ఈమె గూడనా? ఈ పెద్దమనిషి ఏం జేస్తది? ఇద్దరు రాండ్రి, ఆరు ఇస్త."

పెద్దమ్మ చీర చెంగు సర్దుకుంది. లేవడానికి సిద్ధమైపోయింది, నేను చూశాను. అలవాటైపోయిందామెకు. నాకు ఒంట్లో ఎక్కడినుంచో మంట లేచింది. ఊళ్లో కుళాయి దగ్గర ఉండే నా నోరు ఆ రోజు నాకు దొరికింది.

"మేడమ్, మేం మనుషులకు ధర జెప్పలే. ఇంటికి జెప్పినం. ముగ్గురమొస్తమో ఆరుగురమొస్తమో మా పని. మూడో రోజు సాయంత్రం మీరు తెల్లబట్ట తీస్కొని యాడన్న తుడువుండ్రి. మరక అంటితె పైసలియ్యకుండ్రి."

ఆమె చూపు మా మీంచి పెద్దమ్మ మీదికి పోయింది. "పెద్దమనిషి మా వంటింట్ల గోడ గీకినప్పుడే నాకు సిగ్గయ్యింది," అని ఇంటామె నవ్వేసింది. "తొమ్మిది ఎక్కువ. ఎనిమిదిన్నర జేస్కోండ్రి." పెద్దమ్మ నావైపు చూడకుండానే తల ఊపింది.

మూడు రోజులు చేశాం. పెద్దమ్మ కింద కూర్చుని, మేం ఊడదీసి ఇచ్చిన కిటికీ జాలీలు కడిగింది, స్విచ్చు బోర్డులు తుడిచింది, ఇంటామె బామ్మ కాలం నాటి ఇత్తడి గిన్నెలు చింతపండుతో తోమింది. చివరి సాయంత్రం ఇంటామె నిజంగానే తెల్లటి చేతిరుమాలు తీసుకుని తలుపుల పైన, ఫ్యాను రెక్కల మీద తుడిచి చూసింది. మరక అంటని ఆ రుమాలును అలాగే మడిచి దాచుకుని డబ్బులు ఇచ్చింది. పెళ్లికి కూడా రమ్మంది.

వికారాబాద్ బస్టాండ్‌లో బెంచీ మీద కూర్చుని, బస్సు వచ్చేలోపు మూడు పాళ్లు వేశాను. పెద్దమ్మ పాలు ఆమె చేతిలో పెడితే, అందులోంచి సగం తీసి నా ఒళ్లో పెట్టింది.

"నాకు గింత సాలు," అంది. "మీరు మెట్లెక్కి దిగిండ్రు, బల్లలెక్కిండ్రు. నేను కూసున్నకాడ కూసోని తుడ్సిన. నా పనికి సగమే న్యాయం. నేను లెక్క జూసే జెప్తున్న."

ఆమె మొహంలో కోపం లేదు, బాధ లేదు. చెలకను చూసి వచ్చి చెప్పినట్టే చెప్పింది. ఇన్నేళ్లలో ఆమె చెప్పిన ధరను కాదన్న మనిషి మా గుంపులో లేదు. ఆ డబ్బులు మళ్లీ ఆమె గుప్పిట్లో పెట్టి, వేళ్లు మూసి, పైన నా చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాను.

"ఇండ్ల ధర నువ్వు జెప్పు పెద్దమ్మా, నోరు మూస్కొని ఇంట. నీ ధర నువ్వు జెప్పేది లేదు. అది మేం జెప్తం."

"అవ్, పెద్దమ్మా," అంది మా యారాలు పక్కనుంచి, "గా బేరం మాతోని నడువది."

పెద్దమ్మ చెయ్యి విడిపించుకోవాలని రెండుసార్లు చూసింది. మూడోసారి ఊరుకుంది. తల పక్కకు తిప్పుకుని బస్సులు వచ్చే దిక్కు చాలాసేపు చూసింది. తర్వాత డబ్బులు రొండిన దోపుకుని, ముక్కు చీదుకుని, నా మోకాలి మీద ఒక్క దెబ్బ వేసింది.

"రేపు యే ఇల్లే మనది?" అని అడిగింది.